నీనా చేతికి ఆ తుపాకీ రాదు

అమ్మా,

నీ కథ రెండుసార్లు చదివాను. మంచులో గ్లవ్ తీసేసరికి నీనా వేలి చర్మం ఇనుముకు అంటుకుని ఊడొచ్చే చోట ఆగిపోయాను. బాగుంది. తర్వాతి పేజీలోనే కోపం వచ్చింది. 1942 నవంబర్, స్టాలిన్‌గ్రాద్, కూలిన ఫ్యాక్టరీ గోడ. దాని వెనక నుంచి నీనా ఏకే-47 ఎత్తి ధనధనా కాల్చిందని రాశావు.

సోవియట్ సైన్యం ఏకేని తీసుకున్నది 1949లో. అందులో వాడే పొట్టి తూటా కూడా 1943 నాటిది. నీ కథ జరిగే ఏడాది, ఏకేని రూపొందించిన కలాష్నికోవ్ ఇంకా ఎవరికీ తెలియని ట్యాంకు సార్జెంట్. బ్రయాన్స్క్ దగ్గర గాయపడి, సెలవులో ఉండగా ఒక సబ్‌మెషిన్ గన్, అంటే పిస్తోలు తూటాలను వరసగా పేల్చే చిన్న తుపాకీ, తయారుచేస్తే సైన్యం వద్దంది.

ఏకే తీసేసి, అప్పటి సోవియట్ సైనికులు మోసిన మోసిన్ రైఫిల్ అని పెడితే సరిపోతుందనుకోకు. తుపాకీ మారితే నీనా మారుతుంది. ఎన్నో ఏళ్ళుగా నేను అందరితో వాదిస్తున్నది ఇదే. చేతిలో ఉన్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలియకుండా ఆ చేతి గురించి రాయలేం.

మోసిన్ రైఫిల్ 1891లో వచ్చింది, 1930లో సవరించారు. బరువు దాదాపు నాలుగు కిలోలు. కొనకు బయొనెట్ అనే కత్తి తగిలిస్తే పొడవు మీటరున్నర దాటుతుంది, అంటే ఇంచుమించు నీనా అంత ఎత్తు. బయొనెట్ బిగించి ఉంచే గురి సరిచేసేవారు, కాబట్టి తీసేస్తే గుండు తగిలే చోటు మారిపోతుంది. ఇరుకు గదిలో ఆ పొడవుతో నీనా ఎలా తిరిగింది? లోపల పట్టేది ఐదు తూటాలు. పేల్చిన ప్రతిసారీ, తూటాను లోపలికి తోసే బోల్టు పైకి లేపి, వెనక్కి లాగి, ముందుకు తోసి, కిందికి దించాలి. దాని పిడి పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. చలికి బిగుసుకుంటే అరచేత్తో కొట్టాల్సిందే. ఆ లోపు కన్ను గురి తప్పుతుంది. చనిపోయిన అన్న ఆమెకు గుర్తురావాల్సింది అక్కడ, ఒక గుండుకీ ఇంకో గుండుకీ మధ్య. నువ్వు కథ చివర్లో ఒక పేరా నిండా నీనాని ఏడిపించి అన్నని గుర్తుచేశావు. ఆ పేరా అవసరమే ఉండదు.

టెలిస్కోప్ బిగించిన స్నైపర్ రైఫిల్ ఇస్తే కథ ఇంకా మారుతుంది. బోల్టు పిడి టెలిస్కోప్‌కి తగలకుండా కిందికి వంచుతారు. పైన అది అడ్డం కాబట్టి ఐదు తూటాల క్లిప్పు దిగదు, ఒక్కొక్కటే పెట్టుకోవాలి. చర్మం ఊడిన ఆ వేలితోనే పెట్టాలి. చూశావా, నీ మంచి వాక్యం అప్పుడు ఎంత దూరం వెళ్తుందో!

ఇదంతా నేను పుస్తకాల్లోనే నేర్చుకోలేదు. మొదట్లో యుద్ధం కథ రాయబోయి చేతకాక, మా వీధి చివర ఉండే రిటైర్డ్ హవల్దారు ఇంటి చుట్టూ తిరిగాను. ఆయన త్రీనాట్‌త్రీ మోసిన మనిషి. చేతిలో ఏమీ లేకుండానే బోల్టు లాగి చూపించేవాడు. లాగుతున్నప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. ఆ ఊపిరి కోసం ఒక పేజీ రాశాను. ఒక వారపత్రిక ఎడిటర్ ఆ పేజీ మొత్తం కొట్టేసి, "పాఠకులకు టెక్నికల్ గొడవ దేనికి, భావం చాలు" అని రాసి పంపాడు. రైఫిల్ అన్న ప్రతిచోటా తుపాకీ అని మార్చాడు. ఆ కథ అచ్చయింది, నేను ఇప్పటికీ దాన్ని ఏ సంకలనంలోనూ చేర్చలేదు. ఇప్పుడు సినిమా ఫైట్లు చూసి యుద్ధం రాసే ఫ్యాషన్ వచ్చింది. ఎన్నిసార్లు కాల్చినా తూటాలు అయిపోవు. నువ్వు ఆ దారి పట్టకూడదని నా బాధ.

వరసగా కాల్చడమే కావాలంటే పెపెషా ఇవ్వు. ష్పాగిన్ రూపొందించిన సబ్‌మెషిన్ గన్, 1941 నాటిది. డ్రమ్ములో 71 తూటాలు, నిమిషానికి 900కి పైగా పేల్చే వేగం. ట్రిగ్గర్ వదలకపోతే ఐదు సెకన్లలో ఖాళీ. తర్వాత డ్రమ్ము మూత తీసి, స్ప్రింగు తిప్పి, తూటాలు ఒక్కొక్కటిగా పేర్చాలి. ఆ ఐదు సెకన్లూ, ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దమూ రాయి.

లెనిన్‌గ్రాద్ ముట్టడిలో ఉండగానే అక్కడి ఫ్యాక్టరీల్లో సుదాయెవ్ సబ్‌మెషిన్ గన్ తయారైంది. రేకు నొక్కి, వెల్డింగ్ చేసి, తక్కువ ఇనుముతో. ఆకలితో ఉన్న ఊరు చేసుకున్న తుపాకీ అది. ఎప్పుడైనా దాని మీద కథ రాయి.

ఏ పత్రికకు పంపాలి, పోటీకి పెట్టవచ్చా అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు మాట్లాడను. మొదటి రెండు పేజీలు ముట్టుకోకు. మూడో పేజీ నుంచి మళ్ళీ రాయి. ముందు నీనాకి ఏ తుపాకీ ఇస్తున్నావో నాకు ఒక ముక్క రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు