ఓటు నగరంలో, పోటీ సొంతూళ్లో

ప్రశ్న: అయ్యా, మాది పాలమూరు వైపు ఒక పల్లె. నా వయసు ఇరవై ఏడు. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థలో పనిచేస్తున్నాను, ఓటు కూడా కూకట్‌పల్లిలోనే ఉంది. వచ్చే శాసనసభ ఎన్నికల్లో మా సొంత నియోజకవర్గం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలనుకుంటున్నాను. అక్కడ ఓటు లేనిదానివి, వెనక ఏ పార్టీ లేనిదానివి, నీ నామినేషన్ పరిశీలనలోనే కొట్టేస్తారని మా మేనమామ అంటున్నారు. ఆయన మాట నిజమేనా? నేను ఏ పని ముందు మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: ఓటు విషయంలో మీ మేనమామగారు పొరపడ్డారు. శాసనసభకు పోటీ చేసేవారు భారత పౌరులై, పాతికేళ్లు నిండినవారై ఉండాలని రాజ్యాంగంలోని 173వ అధికరణం చెబుతోంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం దానికి చేర్చిన షరతు ఏమిటంటే, అభ్యర్థి ఆ రాష్ట్రంలోని ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి; పోటీ చేసే చోటే ఓటు ఉండాలన్న నియమం లేదు. కాబట్టి కూకట్‌పల్లి ఓటుతో మీరు సొంతూరి నుంచి నిక్షేపంగా నిలబడవచ్చు, కాకపోతే మీకు మీరు ఓటు వేసుకోలేరు. తెలంగాణలోని 119 స్థానాల్లో 19 ఎస్సీలకు, 12 ఎస్టీలకు కేటాయించినవి. మీ నియోజకవర్గం అలాంటిదైతే ఆ వర్గానికి చెందినవారే పోటీకి అర్హులు. కూకట్‌పల్లి ఓటర్ల జాబితాలో మీ పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు తీసుకుని, నామినేషన్‌తో పాటే ఇచ్చేయండి. పరిశీలన సమయంలో చూపినా చట్టం ఒప్పుకుంటుంది గానీ, అంతదాకా ఆగడం ఎందుకు?

మీ మేనమామగారి భయానికి అసలైన ఆధారం వేరే చోట ఉంది, అది ప్రతిపాదకుల, అంటే అభ్యర్థి పేరును ప్రతిపాదిస్తూ నామినేషన్ పత్రంపై సంతకం చేసే ఓటర్ల సంఖ్య. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు సరిపోతాడు. స్వతంత్రులకు పదిమంది కావాలి, ఆ పదిమందీ మీరు పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటర్లై ఉండాలి. హైదరాబాదులోని మీ సహోద్యోగుల సంతకాలు ఇక్కడ చెల్లవు. ఈ నిబంధన వెనక మన జిల్లాల కథే కొంత ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఫ్లోరైడ్ బాధను దేశానికి చాటడానికి పెద్దఎత్తున నామినేషన్లు వేయగా, చివరికి 480 మంది బరిలో మిగిలారు, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా అచ్చు వేయవలసి వచ్చింది. అదే ఏడాది తమిళనాడులోని మొడక్కురిచ్చి శాసనసభ స్థానంలో వెయ్యిమందికి పైగా నిలబడ్డారు. ఆ సంవత్సరమే చట్టాన్ని సవరించి పదిమంది ప్రతిపాదకుల నియమం తెచ్చారు, శాసనసభకు 250 రూపాయలున్న డిపాజిట్‌ను ఐదు వేలకు పెంచారు. అయినా పట్టుదల ఉన్నవారిని ఆ కంచె ఆపలేదు; 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పసుపు, ఎర్రజొన్న రైతులు పట్టుబట్టి నామినేషన్లు వేసి అభ్యర్థుల సంఖ్యను 185కు చేర్చారు.

అందుచేత మీరు మొదట చేయవలసిన పని పోస్టర్లు వేయించడం కాదు, ఊళ్లో పదిమందిని కూర్చోబెట్టి, జాబితాలో వారి పేరు, భాగం సంఖ్య, వరుస సంఖ్య సరిచూసుకోవడం. సంఖ్య రాయడంలో చిన్న పొరపాటు జరిగితే, మనిషిని గుర్తుపట్టే వీలున్నంతవరకు, దాన్ని పట్టుకుని నామినేషన్ తిరస్కరించకూడదని చట్టమే చెబుతోంది. పదిమందిలో ఒకరు ఆ నియోజకవర్గపు ఓటరు కాదని తేలితే మాత్రం ఏ వాదనా నిలవదు. మరో మాట: మీ నాయనమ్మ వయసువారు వేలిముద్ర వేస్తే, అది నామినేషన్లు తీసుకునే రిటర్నింగ్ అధికారి ఎదుటనో, అందుకు అధికారం ఉన్న మరొక అధికారి ఎదుటనో వేసి, ఆయన చేత ధ్రువీకరింపజేయాలి. ఇంట్లో కూర్చుని వేయించుకున్న వేలిముద్ర సంతకం కింద లెక్కకు రాదు. ఒక అభ్యర్థి నాలుగు సెట్ల దాకా నామినేషన్ వేయవచ్చు, డిపాజిట్ ఒక్కసారి కడితే చాలు. రెండో సెట్టుకు వేరే పదిమందితో సంతకాలు పెట్టించుకోవడం తెలివైన పని.

ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన నాటినుంచి ఏడో రోజు నామినేషన్లకు ఆఖరి రోజు. పని దినాల్లో ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు గంటల వరకే తీసుకుంటారు. పత్రాన్ని మీరు గానీ, మీ ప్రతిపాదకులలో ఒకరు గానీ స్వయంగా అందించాలి, పోస్టులో పంపితే చెల్లదు. ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు రాయాలి. దాచడానికి ఏమీ లేనివారే ఇక్కడ ఎక్కువగా చిక్కుల్లో పడతారు, ఎందుకంటే లేనిదాని గురించి రాసేదేముందని గడిని ఖాళీగా వదిలేస్తారు. ఖాళీలున్న అఫిడవిట్‌ను, అధికారి గుర్తుచేసిన తరువాత కూడా సరిదిద్దకపోతే, తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. కారు లేకపోతే ‘లేదు’ అని, మీకు సంబంధించని గడిలో ‘వర్తించదు’ అని రాయండి. నామినేషన్ ఇచ్చిన తరువాత, పరిశీలన రోజు రాకముందే రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయడం కూడా తప్పనిసరి, దాన్ని మీ తరఫున మరొకరు చేయలేరు.

గుర్తు కోసం స్వేచ్ఛా గుర్తుల, అంటే ఏ పార్టీకీ కేటాయించని గుర్తుల జాబితా నుంచి మూడింటిని ఇష్టం ప్రకారం వరుసగా రాసివ్వాలి. దూరం నుంచి చూసినా ఇట్టే తెలిసిపోయే గుర్తును అడగండి. మరో పార్టీ గుర్తును పోలిన దానితో వచ్చే ఓట్లు మీవి కావు. 2020 దుబ్బాక ఉపఎన్నికలో గెలుపోటముల తేడా 1,079 ఓట్లు కాగా, చపాతీ రోలర్ గుర్తు వచ్చిన స్వతంత్రుడికి మూడు వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అది తమ కారు గుర్తనుకుని వేసిన ఓట్లేనని ఓడిన పార్టీ వాదించింది.

ప్రశ్న: డిపాజిట్ దక్కాలంటే ఎన్ని ఓట్లు రావాలి? నోటా ఓట్లు కూడా లెక్కలోకి వస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: శాసనసభకు డిపాజిట్ పది వేల రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఐదు వేలు. నగదుగా గానీ, ట్రెజరీలో కట్టిన రసీదుగా గానీ ఇవ్వాలి, చెక్కు తీసుకోరు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే ఓడినవారికి అది తిరిగి వస్తుంది. 1,80,000 ఓట్లు చెల్లితే సరిగ్గా 30,000 వచ్చినా పోయినట్టే, మరొక్క ఓటు కావాలి. నోటాను ఈ లెక్కలో కలపరు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని, ముగ్గురు పిల్లల తండ్రిని. సెలవు పెట్టి పోటీ చేయవచ్చా? పిల్లల సంఖ్య అడ్డు వస్తుందా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: పిల్లల సంగతికి దిగులు వద్దు. ఆ నిబంధన స్థానిక సంస్థలకే ఉండేది, ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని కూడా 2024లో తొలగించారు. సెలవు మాత్రం పనికిరాదు. రాజ్యాంగంలోని 191వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు అనర్హులు, నామినేషన్ల పరిశీలన నాటికి మీకు ఆ పదవి ఉండకూడదు. రాజీనామా ఇస్తే చాలదు, అది ఆమోదం పొందాలి. నోటిఫికేషన్ వచ్చాక కదిలితే ఆ దస్త్రం ఏదో ఒక బల్ల మీద ఆగిపోవచ్చు, కనుక నెలల ముందే దరఖాస్తు చేసి, ఆమోదపు ఉత్తర్వు చేతికి తీసుకోండి.

ప్రశ్న: నేను గత ఎన్నికల్లో పోటీ చేసి ఓడిపోయాను. ఖర్చు లక్ష కూడా దాటలేదు. అయినా లెక్కలు ఇవ్వలేదని నోటీసు వచ్చింది. ఓడినవాడికి కూడా లెక్కలేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గెలిచినవారికీ ఓడినవారికీ చట్టం ఒక్కటే. మన రెండు రాష్ట్రాల్లోనూ శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 40 లక్షల రూపాయలు. నామినేషన్ రోజు నుంచి ఫలితం వెలువడిన రోజు దాకా అయిన ప్రతి ఖర్చుకూ లెక్క రాసి, ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లోగా జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవమనేది ఇందుకే. డిపాజిట్ పోయిన దిగులులో చాలామంది ఆ పుస్తకాన్ని అటకెక్కించేస్తారు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. నోటీసులో ఇచ్చిన గడువు ఇంకా మిగిలి ఉంటే ఈ వారమే రసీదులన్నీ పోగుచేసి, లెక్కతో పాటు ఆలస్యానికి కారణం చెబుతూ రాతపూర్వకంగా సమాధానం ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.