ఏప్రిల్‌లో ఔటర్ బ్యాంక్స్ ప్రయాణం

ప్రశ్న: మేము నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాము. ఏప్రిల్ మొదటి వారంలో పిల్లలకు వసంతకాలపు సెలవులు. పెద్దవాడికి పదకొండేళ్ళు, చిన్నదానికి ఆరు. బాపట్ల నుంచి వచ్చిన మా అత్తయ్యగారిని, మామయ్యగారిని కూడా తీసుకొని కారులో మా రాష్ట్రపు సముద్రతీరంలో సన్నని ద్వీపాల వరుసగా ఉన్న ఔటర్ బ్యాంక్స్‌కు వెళ్ళి నాలుగు రాత్రులు ఉండాలని మా ఆలోచన. పిల్లలు సముద్రంలో ఈత అంటున్నారు, మావారు రోజుకో ఊళ్ళో బస చేద్దామంటున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. ఎలా ఏర్పాటు చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కేరీ

జవాబు: ముందు ఈత సంగతి తేల్చుకుంటే మిగతా ఏర్పాట్లు తేలికవుతాయి. ఆ రోజుల్లో అక్కడి సముద్రపు నీరు 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే సుమారు 10 డిగ్రీల సెల్సియస్‌కు, అటూ ఇటూగా ఉంటుంది. సూర్యలంకలో అలలకు ఎదురు నిలబడిన అలవాటుతో దిగితే కాసేపటికే ఒళ్ళు కొంకర్లు పోతుంది. మనిషిని లోపలికి లాక్కుపోయే రిప్ కరెంట్లు అక్కడ తరచు ఏర్పడతాయి. వేసవి మొదలయ్యేవరకు చాలా చోట్ల లైఫ్‌గార్డులు ఉండరు. కాబట్టి పాదాలు తడుపుకోవడంతో సరిపెట్టండి.

ఇక బస. రోజుకో ఊరు అనే ఆలోచన పెద్దవాళ్ళతో పనికిరాదు. నాలుగు రాత్రులూ అక్కడి నాగ్స్ హెడ్ అనే ఊళ్ళోనే ఉండండి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు చాలామంది గమనించని విషయం ఒకటుంది. తుపాను వేళ పొంగే నీరు అందకుండా అక్కడి ఇళ్ళను ఎత్తైన స్తంభాల మీద కడతారు. సముద్రం కనబడేందుకు వంటిల్లు, కూర్చునే గది పైఅంతస్తులో పెట్టి, పడకగదులను కింద ఉంచడం అక్కడ మామూలు. ఫొటోల్లో ముచ్చటగా కనిపించే ఇంట్లో అత్తయ్యగారు పొద్దుటి కాఫీ కోసం రెండంతస్తుల మెట్లు ఎక్కవలసి రావచ్చు. లిఫ్టు ఉందా, పడకగది ఏ అంతస్తులో ఉంది అని అడిగి తెలుసుకున్న తరువాతే డబ్బు కట్టండి.

కేరీ నుంచి 64వ నంబరు రహదారి మీద సుమారు 200 మైళ్ళు, మూడున్నర గంటల ప్రయాణం. దారిలో కొలంబియా అనే చిన్న ఊరు దాటాక చాలా దూరం చిత్తడి అడవే కనుక పెట్రోలు, పెద్దవాళ్ళ అవసరాలు అంతకు ముందే చూసుకోండి.

ఆ తీరానికి ఏప్రిల్‌లో అసలైన సొగసు గాలి. రైట్ సోదరులు తమ ప్రయోగాలకు ఆ చోటు ఎంచుకున్నది ఆ గాలి కోసం, పడినా దెబ్బ తగలని ఇసుక కోసం. కిల్ డెవిల్ హిల్స్‌లోని స్మారక స్థలంలో 1903 డిసెంబరు 17న వాళ్ళ విమానం నాలుగుసార్లు ఎగిరి ఎక్కడెక్కడ వాలిందో రాళ్ళు నాటి గుర్తుపెట్టారు. మొదటిది 120 అడుగులు, నాలుగోది 852 అడుగులు. మీ పెద్దవాణ్ణి ఆ రెండు దూరాలూ పరుగెత్తమనండి. ఏ పాఠ్యపుస్తకమూ చెప్పని తేడా వాడి కాళ్ళకు తెలుస్తుంది. దగ్గరలోనే ఉన్న జాకీస్ రిడ్జ్ ఇసుక కొండల మీద గాలిపటాలు ఎగరేయవచ్చు, ప్రవేశం ఉచితం. సంక్రాంతికి మేడెక్కిన అలవాటున్న మామయ్యగారైతే పిల్లలకంటే ముందే దారం అందుకుంటారేమో! కొండ ఎక్కలేని అత్తయ్యగారు సందర్శక కేంద్రం దగ్గరి చెక్కల బాట మీద నడిచి చూడవచ్చు. స్వెట్టర్లు, చెవులు కప్పే టోపీలు మరువకండి.

మరో రోజు దక్షిణంగా 12వ నంబరు రహదారి మీద హట్టెరాస్ దీపస్తంభానికి వెళ్ళండి. సముద్రం మీదికి వస్తోందని 1999లో ఆ 198 అడుగుల కట్టడాన్ని విడదీయకుండా ఉన్నదున్నట్టుగా పట్టాల మీద 2,900 అడుగులు వెనక్కి జరిపారు. గాలివానకు ఆ రోడ్డు మీదికి అలలు, ఇసుక వచ్చి రాకపోకలు ఆగిపోతుంటాయి కనుక ఉదయం బయలుదేరే ముందు రోడ్డు సమాచారం చూసుకోండి. అదే రోజున ఫెర్రీ ఎక్కి ఓక్రకోక్ ద్వీపం కూడా చూడాలని మీవారు అంటే ఒప్పుకోకండి; రాను పోను అయ్యే గంటలు మోకాళ్ళ నొప్పులున్నవారికి భారం.

ఉత్తరాన కొరోలాలోని అడవి గుర్రాలు పిల్లలకు నచ్చుతాయి. తారు రోడ్డు అయిపోయాక ఇసుకలో నడపాలి, మామూలు కారు కూరుకుపోతుంది. కాబట్టి అక్కడి టూరు బండ్లలో వెళ్ళడం మేలు. గుర్రాలకు 50 అడుగుల దూరంలో ఉండాలన్నది అక్కడి చట్టం. చిన్నదాని చేతికి ఆపిల్ ముక్క ఇవ్వకండి. మనుషులు పెట్టిన తిండి వాటికి ప్రాణాంతకమవుతుంది.

భోజనం గురించి ఒక్క మాట. సముద్రపు చేపలకు పేరుపడ్డ చోటు కనుక హోటళ్ళలో అత్తయ్యగారికి దొరికేది తక్కువ. బియ్యం, కందిపప్పు, పచ్చళ్ళు, ఇడ్లీపిండి, రైస్ కుక్కరు కేరీ నుంచే కారులో పెట్టుకోండి; పాలు, పెరుగు, కూరగాయలు అక్కడ కొనుక్కోవచ్చు.