ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేయాలా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీటెక్ చేసి మూడేళ్లుగా పుణెలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం బాగానే ఉంది కానీ సంతోషం లేదు. బీఎడ్ చేసి టీచర్‌గా ఊరికి వచ్చేయాలని ఉంది. నాన్న మాత్రం 'నలుగురూ ఏమనుకుంటారు' అంటున్నారు.

జవాబు: మీ ఉత్తరం మొత్తం రెండుసార్లు చదివాను (పైన ఇచ్చింది దాని సారాంశమే). పిల్లలకు లెక్కలు చెప్పడం గురించి ఒక్క వాక్యమే ఉంది. రామాలయం అరుగు, సాయంత్రం వాలీబాల్, నవమి పందిరికి తాటాకులు మోసుకురావడం, వీటి గురించి పేజీన్నర రాశారు. మీకు కావలసింది టీచర్ ఉద్యోగమా, మనుషులా? ముందు ఇది తేల్చుకోండి.

మనుషులు కావాలనుకోవడం చిన్న కోరికేమీ కాదు. హార్వర్డ్‌లో 1938లో మొదలై తరాలుగా సాగుతున్న అధ్యయనం ఒకటుంది. అందులో యాభై ఏళ్లప్పుడు తమ చుట్టూ ఉన్న బంధాలతో తృప్తిగా ఉన్నవాళ్లే ఎనభైలోనూ ఎక్కువ ఆరోగ్యంగా కనిపించారు. కాబట్టి మీ వెలితిని బెంగ అని కొట్టిపారేయను. కానీ ఆ వెలితికి బీఎడ్ మందు అవునో కాదో చూడాలి.

సలహాలిచ్చే మా వృత్తిలో 'మీ విలువలు పది రాయండి' అని కాగితం ఇవ్వడం అలవాటు. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. అందరూ నిజాయితీ, కుటుంబం అనే రాస్తారు. దాని బదులు మీ ఫోన్‌పే హిస్టరీ తీయండి. అవసరాలు పోగా, ఎవరూ అడక్కుండా డబ్బు ఎక్కడ పెట్టారు? గత నాలుగు ఆదివారాలు ఏం చేశారు? మీరు దేనికి విలువిస్తున్నారో అక్కడే తెలుస్తుంది. తర్వాత మూడు నెలలపాటు ఆదివారాలు పుణెలోనే ఎవరైనా పిల్లలకు లెక్కలు చెప్పండి, హిందీలోనైనా సరే. మూడో వారానికే బద్ధకం వేస్తే అదీ ఒక సమాధానమే.

ఇంకో మాట. సెలవుల్లో చూసే ఊరు వేరు, రోజూ ఉండే ఊరు వేరు. మీతో వాలీబాల్ ఆడినవాళ్లలో ఇప్పుడు ఊళ్లో ఎందరున్నారో లెక్కపెట్టారా?

ఇక దారి సంగతి. ఎడ్‌సెట్ రాసి బీటెక్ వాళ్లూ బీఎడ్‌లో చేరవచ్చు. కోర్సు రెండేళ్లు, ఆపైన టెట్ అనే అర్హత పరీక్ష, ప్రభుత్వ టీచర్ పోస్టుల భర్తీకి పెట్టే డీఎస్సీ. ఏ సబ్జెక్టు పోస్టుకు మీ డిగ్రీ సరిపోతుందో నోటిఫికేషన్‌లో ముందే చూసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్దఎత్తున భర్తీ జరిగింది 2025 మెగా డీఎస్సీతోనే, 16,347 పోస్టులకు. మధ్యలో ఎందరో ప్రైవేటు బళ్లలో తక్కువ జీతాలకు నెట్టుకొచ్చారు. పోస్టు వచ్చినా మీ ఊళ్లోనే వస్తుందన్న హామీ లేదు. అందుకే ఈలోపు హైదరాబాద్‌కు బదిలీ అడగండి. శుక్రవారం రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తెనాలిలో దిగొచ్చు. మనుషులే కావాలనుకుంటే బహుశా అంతే చాలేమో.

నాన్నగారిని తప్పుపట్టకండి. ఆయన భయపడుతున్న ఆ నలుగురూ, మీరు బెంగపెట్టుకున్న నలుగురూ ఒకరే. అదే అరుగు మీద కూర్చునేవాళ్లు. వాళ్లు మాటా అంటారు, ఆపదొస్తే అర్ధరాత్రి బండీ తీస్తారు. ఆ ఊళ్లోనే ఉండి రెండూ చూసిన మనిషి ఆయన. ఈ విషయం ఫోన్‌లో తేల్చేయకండి. వచ్చే నవమికి సెలవు పెట్టి వెళ్లండి. పందిరి పని అయ్యాక ఆయన పక్కన కూర్చుని మాట్లాడండి. అప్పటిదాకా రాజీనామా పెట్టొద్దు.