కోర్సు కంటే ముందు మల్టీమీటర్ కొనండి

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ రెండో సంవత్సరం. ఆర్డుయినో యూనో (కోడ్ ఎక్కించి నడిపే చిన్న సర్క్యూట్) బోర్డు కొనిచ్చాం. నెట్‌లో దొరికిన కోడ్‌తో లైట్లు వెలిగిస్తోంది కానీ, ‘నాకు ఎలక్ట్రానిక్స్ రావట్లేదు నాన్నా’ అని బాధపడుతోంది. అమీర్‌పేటలో ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రాములు రాసే) కోర్సుకు 45 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

సమాధానం: ఇప్పుడే వద్దండీ. తనకేం రావట్లేదో రెండో ఏడాదిలోనే పసిగట్టిందంటే మీ అమ్మాయి గురించి మీరు బెంగపడక్కర్లేదు. ఆమెకు తక్కువైంది కోడ్ కాదు, కొలత. బోర్డు పిన్ దగ్గరికి వచ్చేది వోల్టేజి, ప్రోగ్రామ్‌కు అందేది అంకె. ఈ రెంటి మధ్య జరిగేది స్వయంగా చూడనంతకాలం ఎంత కోడ్ రాసినా చీకట్లో తడుముకున్నట్టే ఉంటుంది.

ముందుగా ఒక మామూలు మల్టీమీటర్ (వోల్టేజి, కరెంటు కొలిచే మీటర్), బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా భాగాలు గుచ్చి కలిపే పలక), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, పుష్ బటన్లు, ఒక ఎల్‌ఎం35 ఉష్ణోగ్రత సెన్సర్ కొనివ్వండి. హైదరాబాద్ వచ్చినప్పుడు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి.

మొదట బటన్‌తో మొదలుపెట్టమనండి. ఒక్కసారి నొక్కితే లెక్క ఒకటి పెరగాలి. కానీ మూడో నాలుగో పెరుగుతుంది! లోపల రేకులు తాకేటప్పుడు కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి, చిప్ ప్రతి తాకిడినీ లెక్కపెడుతుంది. కోడ్‌లో కాస్త ఆగి మళ్లీ చదివితే సరిపోతుంది. లేదా 10 కిలోఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్ (బటన్ నొక్కనప్పుడు పిన్‌ను 5 వోల్టుల దగ్గర ఉంచేది) పెట్టి, బటన్‌కు అడ్డంగా 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపినా చాలు. రెండు పద్ధతుల్లోనూ చేయమనండి. కాలేజీ ల్యాబ్‌లో సీఆర్వో (వోల్టేజి మార్పులను తెర మీద గీతగా చూపే పరికరం) ఖాళీగా ఉన్నప్పుడు అడిగి, దాని మీద రేకులు అలా ఎగిరిపడటాన్ని కళ్లారా చూడమనండి. డిజిటల్ అని మనం పిలిచేదాని కింద ఉన్నది అనలాగే (నిరంతరం మారే వోల్టేజే) అని ఆ తెర చూపించినంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

తర్వాత ఎల్‌ఎం35. డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుంది. గది 30 డిగ్రీలుంటే 300 మిల్లీవోల్టులు. యూనో 5 వోల్టులను 1024 మెట్లుగా విడగొడుతుంది కాబట్టి మెట్టుకు దాదాపు 4.9 మిల్లీవోల్టులు, అంటే అర డిగ్రీ. రీడింగ్ 61 రావాలి. 65 వచ్చి, స్క్రీన్ మీద 32 డిగ్రీలు కనిపిస్తే? చాలామంది ఇక్కడ సెన్సర్ పాడైందని పక్కన పడేస్తారు. మల్టీమీటర్‌తో 5వీ పిన్ కొలవమనండి. యూఎస్‌బీ మీద నడిచే బోర్డులో అక్కడ 4.7 వోల్టులే ఉండొచ్చు, కోడ్ మాత్రం 5 అనుకుంటోంది! చిప్ లోపలి 1.1 వోల్టు రిఫరెన్స్‌కు (మెట్లుగా విడగొట్టే ఆధార వోల్టేజికి) మార్చి, అది బయటికి కనిపించే ఏరెఫ్ పిన్ దగ్గర అసలు విలువ కొలిచి కోడ్‌లో రాస్తే మెట్టు పదో వంతు డిగ్రీకి దిగుతుంది. ఈ చిక్కును సొంతంగా విప్పుకున్న అమ్మాయి ఇంటర్వ్యూలో దాని గురించి పది నిమిషాలు తడబడకుండా మాట్లాడుతుంది. నేను చూసిన రెజ్యూమెల్లో ‘స్మార్ట్ హోమ్ ప్రాజెక్ట్’ అని రాసుకుని, అందులోని రెసిస్టర్ ఎందుకుందో చెప్పలేకపోయినవాళ్లే ఎక్కువ.

ప్రతి ప్రయోగానికీ ఒక పేజీ రాయమనండి: ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది, ఎందుకు. సీ భాష, డేటాషీట్ (తయారీదారు ఇచ్చే భాగం వివరాల పత్రం) చదవడం దీంతోపాటే సాగాలి. మూడో ఏడాదిలో ఎస్‌టీఎం32 చిప్‌లు, చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐటూసీ, ఎస్‌పీఐ పద్ధతుల వైపు వెళ్లొచ్చు. ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితం. బీటెక్ అయ్యాక ఇదే రంగం అనిపిస్తే సీ-క్యాట్ ప్రవేశపరీక్ష రాసి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ ఎంబెడెడ్ డిప్లొమాలో చేరొచ్చు; ఫీజు పెట్టే ఆలోచన అప్పుడు చేయండి.

ఒక్క జాగ్రత్త. రిలేతో (చిన్న వోల్టేజితో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌తో) ఇంట్లో ఫ్యాను, బల్బు నడిపించాలని ఉత్సాహపడుతుంది. 230 వోల్టుల జోలికి ఒంటరిగా వెళ్లనివ్వకండి, 12 వోల్టుల బల్బుతో అదే పాఠం నేర్చుకోవచ్చు.