నెలకు 35,000 పొదుపు, ఖాతాలో 6,000: నిద్ర ఎందుకు పట్టడం లేదంటే

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. వయసు 36. ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.82,000 చేతికి వస్తాయి. అద్దె 18,000, ఇంటి ఖర్చులు 27,000. మ్యూచువల్ ఫండ్ల సిప్‌లకు 15,000 (27 నెలలుగా కడుతున్నా, విలువ 4.30 లక్షలు), చిట్టీకి 10,000 (5 లక్షల చిట్టీ, 50 నెలల్లో 22 అయ్యాయి), పీపీఎఫ్‌కు 5,000, నగల దుకాణం స్కీముకు 5,000 (ఇంకా మూడు వాయిదాలున్నాయి) పోతాయి. పిల్లలిద్దరి స్కూలు ఫీజు ఏడాదికి 1.44 లక్షలు, మూడు టర్ములు. జూన్ ఫీజు 48,000, ఆగస్టులో నాన్న ఆసుపత్రి ఖర్చు 62,000 క్రెడిట్ కార్డు మీద పెట్టాను. కనీస మొత్తం కడుతూనే ఉన్నా బాకీ 1.10 లక్షల దగ్గరే ఉంది. అక్టోబరు ఫీజుకు లోన్ యాప్‌లో 30,000 తీసుకున్నా. సేవింగ్స్ ఖాతాలో 6,000 ఉన్నాయి. పొదుపు ఒక్క నెల కూడా ఆపలేదు. అయినా రాత్రి మూడింటికి మెలకువ వచ్చి బ్యాంకు యాప్ తెరుస్తున్నాను. ఇంట్లో చిన్న మాటకే కోపం వస్తోంది. అప్పుల సంగతి నా భార్యకు చెప్పలేదు. 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ తీర్చేసి, పొదుపు ఇలాగే కొనసాగిస్తే మనసు కుదుటపడుతుందా?

జవాబు: కుదుటపడదు. మీ అప్పు 1.40 లక్షలు. లోన్ 3 లక్షలు ఎందుకు? మిగతా 1.60 లక్షలు రాబోయే ఫీజులకూ ఖర్చులకూ ఉంటాయన్న ధీమా కోసం. అంటే అత్యవసర నిధిని కూడా అప్పు చేసి పెట్టుకుందామనుకుంటున్నారు. 16 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అనుకుంటే ఈఎంఐ దాదాపు రూ.10,550. మీ లెక్కలోనే నెలకు మిగిలేది 2,000. రెండో నెలకే మళ్లీ కార్డు గీకాల్సి వస్తుంది.

ఆ 2,000 మిగులు కూడా నిజం కాదు. ఏడాది ఫీజు 1.44 లక్షలంటే నెలకు 12,000. అది మీ నెల లెక్కలో ఎక్కడా లేదు. 18, 27, 12, 35 వేలు కలిపితే 92,000 అవుతుంది. ప్రతి నెలా 10,000 లోటుతో బతుకుతూ, ఆ లోటును పొదుపు అనుకుంటున్నారు. కార్డు బాకీ దుబారా వల్ల వచ్చింది కాదు, మీ శక్తికి మించిన పొదుపు వల్ల వచ్చింది. పద్ధతిగా ఉండే ఉద్యోగుల ఇళ్లలోనే ఈ పొరపాటు ఎక్కువ కనిపిస్తుంది. అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ పేరు మీద ఆరు లక్షలకు పైనే ఉంది. అవసరం వచ్చిన పూట చేతికి అందేది మాత్రం ఆరు వేలు. రాత్రి మూడింటికి మీరు చూసుకునేది ఆ ఆరు వేలనే. 2013లో ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తమిళనాడులో చెరకు రైతులకు పంట డబ్బు రాకముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టారు. అదే రైతులు డబ్బు చేతికి రాకముందు వెనకబడ్డారు. డబ్బుకు కటకటగా ఉన్నప్పుడు ఆ చింతే బుర్రను ఆక్రమిస్తుంది. మిగతా నిర్ణయాలకు చోటు మిగలదు. సిప్ ఆపడానికి మనసొప్పక యాప్‌లో 30,000 తెచ్చుకోవడం సరిగ్గా అలాంటి నిర్ణయమే.

కార్డు లెక్క ఒకసారి చూడండి. 1.10 లక్షల మీద నెలకు 3.5 శాతమంటే వడ్డీ 3,850, దానిపై 18 శాతం జీఎస్టీ 693, మొత్తం 4,543. కనీస మొత్తం అయిదు శాతం, అంటే 5,500 కడితే అసలులో తగ్గేది 957. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కార్డు మీద కొత్తగా కొన్న పాలప్యాకెట్టుకు కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఏడాదికి 12 శాతం వస్తుందన్న ఆశతో సిప్ కడుతూ, ఏడాదికి 42 శాతం వడ్డీ ఇస్తున్నారు. దీన్ని క్రమశిక్షణ అనుకోకండి.

ఈ వారమే చేయాల్సిన పని: సిప్‌లు కట్టిన ఈక్విటీ (షేర్ల) ఫండ్ల నుంచి రూ.2 లక్షలు వెనక్కి తీసుకోండి. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్ముడవుతాయి కాబట్టి అవన్నీ ఏడాది దాటినవే ఉంటాయి. చాలా ఫండ్లలో వాటికి ఎగ్జిట్ లోడ్ (అమ్మేటప్పుడు కోసుకునే రుసుము) ఉండదు. ఈ ఏడాది ఇంకేమీ అమ్మకపోతే లాభం 1.25 లక్షలలోపే కాబట్టి పన్ను కూడా పడదు. పన్ను ఆదా ఫండ్ ఉంటే మూడేళ్ల లాకిన్ (అప్పటిదాకా అమ్మలేరు) ఉంటుంది, దాన్ని వదిలేయండి. డబ్బు రెండు మూడు పనిదినాల్లో ఖాతాలో పడుతుంది. అందులో 1.40 లక్షలతో కార్డు, యాప్ రెండూ తీర్చేయండి.

కార్డు దగ్గర చాలామంది ఒక చోట దెబ్బతింటారు. బిల్లులో కనిపించిన మొత్తం కట్టేసి, పని అయిపోయిందనుకుంటారు. బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన రోజు వరకు వడ్డీ తర్వాతి బిల్లులో వస్తుంది. నాలుగైదు వందలే కదా అని చూడకపోతే దానిమీద ఆలస్య రుసుము, ఆపైన సిబిల్‌లో మచ్చ. కట్టే రోజే బ్యాంకుకు ఫోన్ చేసి ఆ రోజుకు మొత్తం ఎంతో అడిగి కట్టండి, వచ్చే నెల బిల్లు కూడా తెరిచి చూడండి. లిమిట్‌ను 30,000కు తగ్గించమని అడగండి.

ఇక యాప్ సంగతి. స్కూలు ఫీజుకు లోన్ యాపా? జనవరి, జూన్, అక్టోబరు అని తేదీలు ముందే తెలిసిన ఖర్చు అది! తీర్చాక బాకీ లేదన్న పత్రం తీసుకోండి, ఫోన్లో దానికిచ్చిన అనుమతులన్నీ తీసేసి యాప్ తొలగించండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి యాప్‌లు మీ కాంటాక్టుల జాబితాను ముట్టుకోకూడదు. వసూలు ఫోన్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత చేయకూడదు. బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మిగిలిన 60,000 మీ అత్యవసర నిధికి మొదటి ఇటుక. ఒక నెల అద్దె, ఇంటి ఖర్చు, ఫీజు వాటా కలిపి 57,000 కాబట్టి ఒక నెల గడిచిపోతుంది. జీతం పడే ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దాన్ని యూపీఐకి కలపకుండా, డబ్బును 20,000 చొప్పున మూడు ఎఫ్‌డీలు చేయండి. ఒకే ఎఫ్‌డీ అయితే 15,000 అవసరానికి మొత్తం రద్దు చేయాల్సి రావచ్చు, అప్పుడు వడ్డీ కోత కూడా మొత్తం మీద పడుతుంది. లక్ష దాటాక పెరిగేదాన్ని లిక్విడ్ ఫండ్‌లో (స్వల్పకాలిక రుణపత్రాల్లో పెట్టే మ్యూచువల్ ఫండ్) వేయొచ్చు. వెంటనే తీసుకునే సదుపాయమున్న ఫండ్లలో ఒక రోజుకు 50,000 వరకు (లేదా విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది) అప్పటికప్పుడు ఖాతాలో పడుతుంది. మొత్తం లక్ష్యం ఆరు నెలల ఖర్చు, అంటే 3.42 లక్షలు. ఉద్యోగం పోయినా, ఎవరైనా ఆసుపత్రిలో చేరినా ఈ డబ్బు ముట్టుకోవచ్చు. దసరా బట్టలు, బంధువుల పెళ్లి, కొత్త ఫోన్, స్కూలు ఫీజు అత్యవసరాలు కావు. అవసరం వచ్చి వాడినప్పుడు తప్పు చేసినట్టు బాధపడొద్దు. అది వాడటానికే ఉంది.

నిధి నిండేదాకా సిప్‌లు ఆపేయండి. మిగిలిన 2.30 లక్షలు అలాగే ఉంటాయి. పీపీఎఫ్‌కు ఏడాదికి 500 కడితే ఖాతా సజీవంగా ఉంటుంది. నగల స్కీము మిగిలిన మూడు వాయిదాలతో ముగించి మళ్లీ చేరకండి. చివర్లో వచ్చేది నగే, డబ్బు కాదు. చిట్టీ కొనసాగించండి, అప్పు తీర్చడానికని తొందరపడి పాట పాడకండి. అది 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైందో లేదో ముందు కనుక్కోండి. కాలనీలో తెలిసినవాళ్లు నడిపే చిట్టీ అయితే ఇదొక్కటి అయ్యాక అటు చూడొద్దు.

ఇప్పుడు నెల లెక్క: అద్దె, ఇల్లు, ఫీజు ఖాతాకు 12,000, చిట్టీకి 10,000, ఆరోగ్య, టర్మ్ బీమాలకు 2,500 పక్కన పెట్టాక స్కీము ఉన్న మూడు నెలలు 7,500, ఆ తర్వాత 12,500 మిగులుతాయి. జనవరి టర్ముకు మూడు నెలల వాటాయే కూడి 12,000 తక్కువ పడుతుంది కాబట్టి మొదటి రెండు నెలలు అటు మళ్లించండి, ఆ తర్వాతదంతా నిధికే. నిండటానికి రెండేళ్లు పడుతుంది. బోనస్ వస్తే అదీ ఇందులోకే.

కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంతంగా 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (కుటుంబమంతటికీ ఒకే పాలసీ) తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. నాన్నగారికి తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీలో చికిత్స దొరుకుతుందేమో చూడండి, పరిమితి ఇప్పుడు 10 లక్షలు.

యాప్ తెరిచే అలవాటుకు ఒక పని చేయండి. ఆదివారం ఉదయం అరగంట మాత్రమే ఖాతాలు చూడాలి, అదీ మీ భార్యతో కూర్చుని. మొదటి ఆదివారం ఒక కాగితం మీద అప్పులు, తేదీలు, నిధి ఎంతుందో రాసి ఆమె ముందు పెట్టండి. ‘అంతా తీర్చేశాక చెబుదాం’ అనుకుంటే ఆ దాపరికం మళ్లీ నిద్ర చెడగొడుతుంది. రోజువారీ ఖర్చుల ఖాతాకు మాత్రమే యూపీఐ ఉంచండి. ఆటో డెబిట్లన్నీ జీతం పడ్డ రెండు మూడు రోజుల్లోపు పెట్టుకుంటే బౌన్సు భయం ఉండదు.

అప్పు తీరి, నిధి మొదలైన నెల తర్వాత కూడా నిద్ర పట్టకపోతే సమస్య డబ్బు లెక్కది మాత్రమే కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ అనగానే మొహం చిట్లించే అలవాటు మనవాళ్లకు ఉంది కానీ, అక్కడి ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో అవుట్ పేషెంట్ విభాగం ఉన్నది ఇలాంటి వాళ్ల కోసమే. వైద్యం తీసుకుంటే ఆ విషయం బీమా దరఖాస్తులో దాచకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా సంస్థలు మానసిక అనారోగ్యాన్ని శారీరక అనారోగ్యంతో సమానంగా చూడాలి. దాచితేనే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు.

నిధి 3.42 లక్షలకు చేరాక సిప్‌లు 8,000తో మళ్లీ మొదలుపెట్టండి, 15,000తో కాదు. చిట్టీ ముగిశాక పెంచుకోవచ్చు.