నిషేధానికి ముందు తీసుకున్న సభ్యత్వం నేరమవుతుందా?

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ చదివే రోజుల్లో ఓ సంఘంలో సభ్యుడిగా చేరాడు. ఆ తర్వాత కేంద్రం దాన్ని నిషేధించింది. ఇప్పుడు పోలీసుల నుంచి నోటీసు వచ్చింది. అమ్మ మంచం పట్టింది. సభ్యత్వ పుస్తకం, రసీదులు తగలబెట్టి, పాత తేదీతో రాజీనామా లేఖ రాయించమని బంధువులు చెబుతున్నారు. ముందస్తు బెయిలు దొరుకుతుందా? – ఓ పాఠకురాలు

జవాబు: పుస్తకం ఇంకా తగలబెట్టకపోతే ముందు దాన్ని భద్రంగా దాచండి. మీ తమ్ముణ్ని కాపాడేది అదే.

అంత పెద్ద ఉత్తరంలో నిషేధం ఏ సెక్షన్ కింద, ఏ తేదీన వచ్చిందో రాయలేదు. నోటీసు ఏ సెక్షన్ కింద ఇచ్చారో కూడా లేదు. కేసంతా వీటి మీదే నడుస్తుంది. ఇంట్లో ఒక్కరైనా ఆ కాగితం పూర్తిగా చదవలేదా?

ఉపా, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టంలో నిషేధాలు రెండు రకాలు. 3వ సెక్షన్ కింద 'చట్టవ్యతిరేక సంఘం'గా ప్రకటిస్తే, కేంద్రం 30 రోజుల్లోగా ఆ విషయాన్ని హైకోర్టు జడ్జి ఉండే ట్రైబ్యునల్‌కు పంపాలి. ట్రైబ్యునల్ ఖరారు చేస్తే నిషేధం 5 ఏళ్లు ఉంటుంది. ఇక్కడ సభ్యుడిగా కొనసాగడమే నేరమని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

35వ సెక్షన్ దారి వేరు. కేంద్రం గెజిట్‌లో నోటిఫికేషన్ ఇచ్చి సంస్థను మొదటి షెడ్యూల్‌లో, అంటే ఉగ్రవాద సంస్థల జాబితాలో చేరుస్తుంది. ట్రైబ్యునల్ ఉండదు, గడువూ ఉండదు. మావోయిస్టు పార్టీని 2009 జూన్ 22న అనుబంధ సంఘాలతో సహా చేర్చింది ఇలాగే. కాబట్టి మీ తమ్ముడి సంఘం పేరు విడిగా కనిపించకపోయినా, జాబితాలోని ఏదో సంస్థకు అనుబంధమని పోలీసులు అంటున్నారేమో చూడండి.

ఈ జాబితాలోని సంస్థలో సభ్యత్వానికి 38వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. దానికో మినహాయింపు ఉంది: చేరేనాటికి సంస్థ జాబితాలో లేదని, చేర్చాక దాని కార్యకలాపాల్లో ఎప్పుడూ పాల్గొనలేదని నిరూపించాలి. ఈ రెండూ రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడిదే. మొదటిదానికి ఆ రసీదు మీది తేదీకి మించిన సాక్ష్యం ఏముంటుంది? మీ బంధువులు తగలబెట్టమంటున్నది దాన్నే. సాక్ష్యం మాయం చేయడం భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 238 సెక్షన్ కింద వేరే నేరం కూడా. ఇక రాజీనామా లేఖ ఈ మినహాయింపుకు అక్కర్లేదు. అక్కర్లేని కాగితం కోసం ఫోర్జరీ కేసు నెత్తిన వేసుకోవద్దు.

ముందస్తు బెయిలును ఉపా కేసుల్లో 43డి సెక్షన్ అడ్డుకుంటుంది. అరెస్టయితే చార్జిషీటుకు 90 రోజులే గడువు. కోర్టు దాన్ని 180 వరకు పొడిగించొచ్చు. ఆలోగా చార్జిషీటు వేయకపోతే, గడువు దాటిన రోజే, అది పడకముందే, బెయిలు పిటిషన్ వేయాలి. ఈ కేసులు చూసే ప్రత్యేక కోర్టు బెయిలు నిరాకరిస్తే హైకోర్టులో అప్పీలుకు 30 రోజులు.

గెజిట్ కాపీ తీసుకోండి. నిషేధం తేదీ నుంచి ఇప్పటిదాకా తమ్ముడు ఎక్కడున్నాడో చూపే కాగితాలన్నీ, అంటే ఉద్యోగ నియామక పత్రం, హాజరు పట్టీ, పీఎఫ్ స్టేట్‌మెంట్, అద్దె ఒప్పందం, ఏడాదివారీగా సర్దండి. ఫోన్లో ఏదీ చెరిపేయొద్దు. క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిని వెంటబెట్టుకుని, నోటీసులో చెప్పిన రోజునే హాజరు కమ్మనండి.