సమాధానం: ఎర్రర్ మెసేజ్ వచ్చాక కంపైలర్ సెగ్‌ఫాల్ట్

మీరు రాస్తున్న కంపైలర్, తప్పున్న కోడ్‌కి ఎర్రర్ మెసేజ్ ఇచ్చాక సెగ్‌ఫాల్ట్‌తో (చెల్లని మెమరీని తాకి) పడిపోతోందని అడిగారు. బ్యాక్‌ట్రేస్‌లో (క్రాష్ అయినప్పటి ఫంక్షన్ కాల్స్ జాబితాలో) టైప్ చెకర్ (టైప్‌లు సరిపోతున్నాయో చూసే భాగం) పేరే కనిపిస్తోంది గానీ, తప్పు పార్సర్‌ది (కోడ్ నిర్మాణాన్ని చదివే భాగానిది). మీ టెస్ట్‌లోని ‘ఇంట్ ఎక్స్ = ;’ దగ్గర పార్సర్ మెసేజ్ ఇచ్చి, ఎక్స్‌ప్రెషన్ బదులు నల్ పాయింటర్ (దేన్నీ చూపించని పాయింటర్) తిరిగిస్తోంది. దాని టైప్ చదవబోయి చెకర్ పడిపోతోంది.

వాడిన ప్రతిచోటా నల్ చెక్ పెట్టుకుంటూ పోకండి, ఎక్కడో ఒకటి తప్పిపోతుంది. పార్సింగ్ కుదరనప్పుడల్లా నల్‌కి బదులు ఒక ఎర్రర్ నోడ్ (‘ఇక్కడ తప్పుంది’ అని గుర్తుగా ఉండే సింటాక్స్ ట్రీ ముక్క) ఇవ్వండి. దాని టైప్ ‘ఎర్రర్ టైప్’. ఏ ఆపరాండ్‌కైనా (ఎక్స్‌ప్రెషన్‌లో పాల్గొనే విలువకైనా) ఈ టైప్ ఉంటే, చెకర్ కొత్త మెసేజ్ వేయకుండా ఫలితానికీ అదే టైప్ ఇవ్వాలి. లేదంటే ఒక్క తప్పుకి మెసేజ్‌ల వరద.

అన్నట్టు, ఎర్రర్ తర్వాత సెమికోలన్ దాకా టోకెన్లు (కోడ్‌లోని విడి ముక్కలు) దాటేసే మీ లూప్‌లో ఈఓఎఫ్ (ఫైల్ ముగింపు) చెక్ లేదు. ఫైల్ చివర సెమికోలన్ మర్చిపోతే టోకెన్ అర్రే బయటికి పోయి చదువుతుంది. అలాగే, ఎర్రర్ కౌంట్ సున్నా కాకపోతే కోడ్ జనరేషన్ (అవుట్‌పుట్ కోడ్ తయారీ) మొదలుపెట్టకండి.